చెరువులో పూడిక, వాగుకి కోత, నీళ్ళ మీద గుర్రపు డెక్క: ముందు ఏ పని పట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. జనగామ వైపు ఊరు, 80 ఎకరాల చెరువు. ఎనిమిదేళ్ళ కింద పూడిక తీశారు, ఇప్పుడు మళ్ళీ మోకాలి లోతే మిగిలింది. చెరువులోకి వచ్చే వాగు ఏటా ఒడ్డు కోసుకుంటూ ఇద్దరు రైతుల గెట్లు మింగేసింది. వాగు చెరువులో కలిసే చోట లొట్టపీసు, సర్కారు తుమ్మ కమ్ముకున్నాయి, సగం నీళ్ళ మీద గుర్రపు డెక్క. ఊళ్ళో చందా వేస్తే 4 లక్షలు పోగయ్యాయి. పొక్లెయిన్ పెట్టి మళ్ళీ పూడిక తీయాలని కొందరు, డెక్కకి మందు కొట్టాలని కొందరు అంటున్నారు. ఏది ముందు?

రెండూ ముందు కాదు. ఈ ఏడాది పొక్లెయిన్‌ని చెరువులోకి దించకండి. మందు అసలే కొట్టకండి. మీ దగ్గరున్న డబ్బులో ఎక్కువ భాగం చెరువు బయట, పైన, వాగు వెంబడి ఖర్చుపెట్టండి. మిగిలినదాంతో రోహిణి కార్తె లోపు మత్తడి (చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు దుంకే చోటు) ముందున్న డెక్కను మనుషులతో తీయించండి. పూడిక తీత రెండు వానాకాలాలు గడిచాక చూసుకోవచ్చు.

నేను 27 ఏళ్ళుగా వాటర్‌షెడ్ పనుల్లో, అంటే వాన నీటినీ మట్టినీ ఎక్కడికక్కడ ఆపే పనుల్లో ఉన్నాను, ఎక్కువగా పాత వరంగల్, నల్లగొండ జిల్లాల ఎర్రచెల్క (ఎర్ర ఇసుక నేల) ఊళ్ళలో. ఈ మాట ఊరికే అనడం లేదు. మొదట్లో నేను చేసిన పొరపాటు చెబితే మీకు సులువుగా అర్థమవుతుంది. చేరిన రెండో ఏడాదే ఒక ఊళ్ళో వాగు మీద, చెరువుకి కాస్త పైన, చెక్‌డ్యామ్ కట్టించాను. గుట్టల మీద పని తర్వాత చేద్దాం, ముందు నీళ్ళు కనబడితే ఊరు నమ్ముతుందని నా ఆలోచన. ఒక్క వానాకాలానికే అది గోడ పైఅంచు వరకు ఇసుక, మొరంతో నిండిపోయింది. మరుసటి ఏడు వరద గోడ పక్కనుంచి దారి చేసుకుని ఒక రైతు అర ఎకరం మడిని పట్టుకుపోయింది. ఆ మడి ముందు నిలబడిన రోజు నుంచి పైన పని కాకుండా కింద పని చేయించలేదు.

లెక్క చూడండి. ఒక ఎకరం నేల మీంచి ఒక్క మిల్లీమీటరు మట్టి కొట్టుకుపోతే ఎవరికీ కనబడదు. కానీ అది 4 ఘనపు మీటర్లు, అంటే ట్రాక్టరు ట్రాలీ ఒకటిన్నరకి దగ్గర. మీ చెరువుకి 1,000 ఎకరాల నుంచి నీళ్ళు వస్తాయనుకుందాం. ఏడాదికి ఆ ఒక్క మిల్లీమీటరే పోయి, అందులో పావు వంతే చెరువు దాకా చేరినా 350 ట్రాలీల మట్టి. ఎనిమిదేళ్ళకు 2,800 ట్రాలీలు. మిల్లీమీటరు అనేది పెంచి చెప్పిన అంకె కాదు. దేశం మొత్తానికి హెక్టారుకు ఏటా సగటున 16 టన్నులకు పైగా మట్టి కోతపడుతోందని 1983లో లెక్కగట్టారు, అది మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువే అవుతుంది. గెట్టు లేని ఎర్రచెల్క వాలులో ఇంకా ఎక్కువ పోతుంది. పెద్ద ప్రాజెక్టులకూ ఇది తప్పలేదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ దాదాపు 30 టీఎంసీలు పట్టేది; 1970ల నాటికి పూడికతో 12 టీఎంసీలకు పడిపోయింది. తర్వాత నీటిమట్టం పెంచుకుని కొంత వెనక్కి తెచ్చుకున్నారు. మీ చెరువుకి కట్ట పెంచే వీలు ఉండదు.

ఇక డెక్కకీ మట్టికీ ఉన్న సంబంధం. చాలామంది వీటిని రెండు వేరు జబ్బులనుకుంటారు. పొలంలో వేసిన డీఏపీలో భాస్వరం ఉంటుంది కదా, అది నీళ్ళలో కరిగి పోయేదానికన్నా మట్టి రేణువులకు అంటుకుని పోయేదే ఎక్కువ. అంటే వాగు తెచ్చే ఎర్రమట్టితో పాటు చెరువుకి ఎరువు కూడా దిగుతోంది. వాగు ముఖం దగ్గర నీటి వేగం తగ్గగానే ముతక ఇసుక, మొరం అక్కడే పడి దిబ్బ కడతాయి. ఆ తడి దిబ్బ మీద లొట్టపీసు వేళ్ళూనుతుంది. లొట్టపీసు కాడల మధ్య నీళ్ళు మరింత నెమ్మదిస్తాయి, మరింత మట్టి ఆగుతుంది. చెరువు లోతు తగ్గి అంచులు ఎండాకాలం బురదగా బయటపడతాయి, ఆ బురదలోనే డెక్క గింజలు మొలుస్తాయి. అందుకే నీళ్ళ మీద ఉన్నది ఎంత తీసినా పైనుంచి మట్టి ఆగనంత కాలం అది తిరిగి వస్తూనే ఉంటుంది.

మొదటి పని: వాగు వెంబడి నడవండి, సీసాలు పట్టుకుని. దీనికి పైసా ఖర్చు లేదు. తొలకరిలో గట్టి వాన పడిన రోజు, వాగు పారుతున్నప్పుడు, ఐదారుగురు కుర్రవాళ్ళు తలా రెండు ఖాళీ నీళ్ళ సీసాలు తీసుకుని వాగులో కలిసే ప్రతి వంక దగ్గరా, ప్రతి కల్వర్టు దగ్గరా ఒకే గంటలో నీళ్ళు పట్టండి. వరదలో దిగవద్దు, కట్టెకి సీసా కట్టి ఒడ్డునుంచే ముంచండి. సీసా మీద చోటు పేరు రాసి రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున మట్టి పేరుకుంటుంది. ఏ వంక సీసాలో ఎక్కువ పేరుకుందో, ఏ వంకలో వరద ఎక్కువ పారిందో రెండూ కలిపి చూసుకోండి. మట్టి రంగూ చూడండి. ముదురు రంగుతో, గడ్డి పీచుతో ఉంటే పొలాల పైమట్టి. పాలిపోయి, సున్నపు గడ్డలతో ఉంటే అది వాగు ఒడ్డు లోపలి పొర.

ఒక ఊళ్ళో అందరూ గుట్ట కింది దున్నకాన్ని తప్పుపట్టారు. సీసాలు పెట్టి చూస్తే, సగానికి పైగా మట్టి క్వారీకి కొత్తగా వేసిన మట్టిబాట పక్క కాలువ నుంచి వస్తోంది. ఆ ఒక్క కాలువను మూడు చోట్ల తెంపి నీళ్ళను పచ్చిక బీడు మీదికి మళ్ళించి, మళ్ళిన చోటల్లా రాళ్ళు పరిచాం. రెండు రోజుల పని. మరుసటి వానకి వాగు రంగు మారింది. సీసాలు పట్టకుండా పొలాల్లో కందకాలు తవ్వించి ఉంటే డబ్బంతా పోయేది, రైతులతో తగువు మిగిలేది.

రెండో పని: వంకల్లో రాతి అడ్డుకట్టలు, గుట్ట దగ్గర మొదలుపెట్టి కిందికి. మట్టి ఎక్కువ తెస్తున్న వంకలు రెండో మూడో తేలతాయి, డబ్బు వాటి మీదే పెట్టండి. సిమెంటు వద్దు, గుట్ట మీది రాళ్ళే చాలు. రెండు నియమాలు మాత్రం తప్పకూడదు. కింది అడ్డుకట్ట పైఅంచు, దాని పైనున్న అడ్డుకట్ట పునాది మట్టానికి సమంగా రావాలి. మధ్యలో ఖాళీ వదిలితే అక్కడ నేల తెగుతుంది. అడ్డుకట్ట నడుమ భాగం అంచులకన్నా ఒక అడుగు తగ్గి ఉండాలి, రెండు చివరలూ ఒడ్డులోకి దిగి ఉండాలి. అలా లేకపోతే నీళ్ళు నడుమ నుంచి దూకకుండా పక్కకి తిరిగి ఒడ్డును తవ్వుతాయి. నేను చూసిన విఫలమైన కట్టల్లో ఎక్కువ భాగం ఈ రెండో తప్పుతోనే పోయాయి. రాతికట్టలు, కందకాలు ఉపాధి హామీ కింద ఏళ్ళుగా చేయిస్తున్న పనులే. పంచాయతీలో ఒక తీర్మానం పెట్టి అడిగి చూడండి, మీ చందా అంతవరకు మిగులుతుంది.

పొలాల్లో గెట్ల మీద గడ్డి ఉండనివ్వాలి, దున్నకం వాలుకి అడ్డంగా సాగాలి. ఇది అందరికీ తెలిసిందే, ఒప్పించడమే కష్టం.

ఇప్పుడు వాగు ఒడ్డు కోత. మీరు రాయలేదు గానీ మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీ వాగులో ఇసుక తీస్తున్నారా? కోత పెడుతున్న చోట కాదు, దానికి కింద కిలోమీటరు వరకు చూడండి. ఇసుక తవ్విన చోట వాగు అడుగు దిగుతుంది. ఆ గుంత అంచు ప్రతి వరదకీ కొంచెం కొంచెం తెగుతూ పైకి జరుగుతుంది. వాగు అడుగు దిగేకొద్దీ ఒడ్డు నిటారుగా, ఎత్తుగా నిలబడి, కాలి కింద మట్టి జారగానే గోడలా విరిగిపడుతుంది. అలాంటి చోట ఒడ్డుకి రాళ్ళు పేర్చినా నిలవవు, రాళ్ళతో సహా పడిపోతాయి. ముందు తవ్వకం ఆగాలి. వాగుల్లో ఇసుక తవ్వకాన్ని కట్టడి చేయడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలోనే అధికారం ఉంది. తవ్వేవాళ్ళు మన ఊరివాళ్ళే అయి ఉంటారు కాబట్టి నోరు విప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా గెట్లు పోగొట్టుకున్న ఆ ఇద్దరు రైతులను వెంటబెట్టుకుని గ్రామసభలో మాట్లాడండి.

తవ్వకం ఆగాక, ఒడ్డును నిటారుగా వదలకుండా వాలుగా చెక్కి, కాలి దగ్గర పెద్ద రాళ్ళు, వాటి పైన వావిలి కొమ్మలు, వట్టివేరు, రెల్లు నాటండి. వావిలిని మేకలు పెద్దగా ముట్టవు, కొమ్మ పాతితే పట్టుకుంటుంది. పైవరుసలో కానుగ, ఏరుమద్ది, వెదురు. ఇవి వాగు ఒడ్డునే పుట్టి పెరిగే చెట్లు, వరదలో కాళ్ళు తడిసినా చావవు. నాటే పని మృగశిర వానల తర్వాతే పెట్టుకోండి.

సర్కారు తుమ్మ దగ్గర మాత్రం తొందరపడకండి. బయటినుంచి వచ్చిన చెట్టే. 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర తెచ్చి నాటారు, అక్కడినుంచి కాయలు తిన్న పశువుల పేడతో ఊరూరా పాకింది. వాగులను మూసేస్తుంది, కింద గడ్డి మొలవనివ్వదు. కానీ ఈరోజు మీ కోతపడే ఒడ్డును పట్టుకుని ఉన్న వేళ్ళు దానివే కావచ్చు. వానలకు ముందు జేసీబీతో పెకిలిస్తే ఒడ్డు మొత్తం వదులై వరదకి పోతుంది. ఒక ఊళ్ళో సరిగ్గా ఇదే జరిగింది. మే నెలలో ఒడ్డు శుభ్రం చేశామని సంతోషపడ్డారు, ఆగస్టుకి బాట తెగింది. నీళ్ళు పారే దారిలో ఉన్న తుమ్మను తీసేయండి. ఒడ్డు మీద ఉన్నదాన్ని విడతలుగా, ఒక ఏడు మూడో వంతు, పక్కన నాటిన మొక్క నడుము ఎత్తు వచ్చాక తీయండి. నేలకి సమంగా నరికితే మళ్ళీ గుబురుగా చిగురిస్తుంది. మొదలు చుట్టూ జానెడు మట్టి తీసి, చిగుళ్ళు పుట్టే బుడిపెకి కింద నరకాలి.

లొట్టపీసుకి ఇంకో గుణం ఉంది. తెగిన ప్రతి ముక్కా తడి తగిలితే వేరు పోస్తుంది. యంత్రంతో నలిపి కట్ట పక్కన పడేస్తే ఒక పొద పది పొదలవుతుంది. ఎండాకాలం వేళ్ళతో సహా పీకి, చెరువుకి దూరంగా గట్టినేల మీద బాగా ఎండబెట్టి కాల్చేయాలి. మేకలకి, గొర్రెలకి అది విషం. కరువులో వేరే మేత లేక అదే తింటే నరాలు దెబ్బతిని తూలిపడతాయి. పీకిన కుప్పల దగ్గరికి మందను రానివ్వకండి. తుంగను, జమ్మును, తామరను మాత్రం దీనితో కలిపి పీకేయొద్దు. అవి మన చెరువు మొక్కలే, అంచున ఉన్నంతవరకు మట్టిని వడగడతాయి.

గుర్రపు డెక్క. దక్షిణ అమెరికా మొక్క, పూలు అందంగా ఉన్నాయని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కి తెచ్చారు. ఎరువున్న నీళ్ళలో, ఎండ కాలంలో రెండు వారాల్లోపే రెట్టింపవుతుంది. గింజ బురదలో పదిహేను ఇరవై ఏళ్ళు కూడా బతికి ఉంటుంది. కాబట్టి ఒక్కసారి తీసేస్తే పోయిందనుకోకండి. మూడేళ్ళ పని అనుకుని దిగండి.

తీయాల్సిన కాలం ఏప్రిల్, మే. నీళ్ళు తగ్గి డెక్క తక్కువ చోటికి చేరుతుంది, మనుషులు దిగగలుగుతారు. గాలి ఏ ఒడ్డుకి తోస్తే ఆ ఒడ్డున కూలీలను పెట్టుకోండి. వెదురు బొంగులు తాడుకి కట్టి నీళ్ళ మీద అడ్డంగా వేస్తే తీసిన చోటికి మళ్ళీ తేలిరాదు. తీసినదాన్ని నీళ్ళు నిలిచే హద్దుకి బయట వేయండి. కట్ట వాలు మీద కుప్పపోస్తే మొదటి వానకి మళ్ళీ చెరువులోకే దిగుతుంది. మొక్కలో పదిలో తొమ్మిది వంతులకు పైగా నీళ్ళే కాబట్టి వారం ఎండితే ట్రాలీ కుప్ప బాగా తగ్గిపోతుంది, అప్పుడు తోలుకోవడం తేలిక. పేడతో కలిపి ఎరువు చేయొచ్చు. ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే చెరువైతే వద్దు, లోహాలను ఆ మొక్క పీల్చి దాచుకుంటుంది. వానలు పడి నీళ్ళు చేరిన నెల లోపు బురదలోంచి పిల్లమొక్కలు లేస్తాయి. ఈ రెండో తీతను వదిలేసిన ఊళ్ళన్నీ మొదటి తీత ఖర్చు పోగొట్టుకున్నాయి. చందాలో కొంత దీనికోసం విడిగా కట్టి పెట్టుకోండి.

మత్తడి ముందు, తూము దగ్గర డెక్క పేరుకోనివ్వకండి. పెద్ద వరదలో అది మత్తడికి అడ్డంపడితే నీళ్ళు దుంకే దారి లేక కట్ట మీదికి వస్తాయి. ఇది ఈ వేసవిలోనే చేయాల్సిన పని, దేనికోసమూ వాయిదా వేయకండి.

మందు ఎందుకు వద్దంటున్నానంటే, చచ్చిన డెక్క ఎక్కడికీ పోదు. నీళ్ళలోనే కుళ్ళి, ఉన్న ఆక్సిజన్ పీల్చేసి, అడుగున ఇంకో పొర పూడిక అవుతుంది. నేను వెళ్ళిన ఒక ఊళ్ళో మే నెలలో ఒకేసారి మొత్తానికి మందు కొట్టారు. వారం తిరక్కుండానే తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలడం మొదలైంది. ఆ చెరువు మీద బతికే ముదిరాజ్ కుటుంబాలకి ఆ ఏటి ఆదాయం పోయింది. రెండేళ్ళలో డెక్క తిరిగి వచ్చింది. పైగా అవే నీళ్ళు బర్రెలు తాగుతాయి, తూము కింద వరి మళ్ళకు పారతాయి.

గడ్డిచేప వదిలితే తినేస్తుందని ఎవరో మీకు చెప్పినట్టు రాశారు. అది నీళ్ళలో మునిగి ఉండే నాచు, పాచి ఇష్టంగా తింటుంది. గుర్రపు డెక్కను అదుపు చేయలేదు. డెక్క ఆకులు గీరి తినే నియోకెటినా ముక్కుపురుగులను 1980ల మొదట్లో దేశానికి తెచ్చి బెంగళూరు చెరువుల్లో వదిలారు, అక్కడ ఫలితం వచ్చింది. కానీ వాటికి ఏళ్ళు పడుతుంది, ఏడాది పొడుగునా డెక్క ఉండాలి. ఎండాకాలం అడుగంటే మన చెరువుల్లో పురుగు నిలదొక్కుకోవడం కష్టం. మీ డబ్బు దాని మీద పెట్టమని చెప్పను.

ఊరి మురికి కాలువ చెరువులో కలుస్తుంటే, డెక్కకి అసలు తిండి అదే. కాలువ చివర ఒక గుంట తవ్వి, మురికి అందులో ఆగి, తేరిన నీళ్ళు జమ్ము, తుంగ ఉన్న చిన్న మడిలోంచి పారి చెరువులోకి పోయేలా చేయండి. ఆ గుంటను ఏడాదికోసారి ఎత్తిపోయాలి, ఎత్తే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోండి.

చివరికి పూడిక తీత. రెండు వానాకాలాల తర్వాత సీసాలు మళ్ళీ పట్టండి. మట్టి తగ్గితే అప్పుడు తీయించండి. వాగు ముఖం దగ్గరి దిబ్బతో మొదలుపెట్టండి, ఎక్కువ పూడిక ఉన్నది అక్కడే. ఆ చోటనే కొంత లోతుగా వదిలితే తర్వాత వచ్చే ముతక మట్టి అందులో ఆగుతుంది, దాన్నొక్కదాన్నే ఎత్తుకుంటే సరిపోతుంది. కట్ట కాలి దగ్గర మట్టి ముట్టకండి, కట్ట బలం అక్కడే ఉంది. పాత అడుగు బంకమట్టి తగలగానే ఆపండి, దాన్ని చీల్చితే నీళ్ళు ఇంకిపోతాయి. గుంతలు గుంతలుగా వదలకండి, ఈతకి దిగిన పిల్లలు వాటిలోనే మునిగిపోతారు. 2015లో మిషన్ కాకతీయ (చెరువుల పూడిక తీసే ప్రభుత్వ పథకం) మొదలైనప్పటినుంచి మట్టి పొలాలకు తోలుకోవడం మీ వైపు అలవాటే. చెల్క, దుబ్బ నేలలకి ఆ మట్టి మేలు, నల్లరేగడికి వద్దు. మురికి కలిసే చెరువైతే ముందు మట్టి పరీక్ష చేయించండి. ఏ పనైనా నీటిపారుదల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) రాతపూర్వకంగా చెప్పాకే.

మీరు రెండు సంగతులు రాయలేదు: వాగులో ఇసుక సంగతి ఒకటి, ఊరి మురికి ఎటు పోతుందన్నది రెండోది. అవి రాసి, కోతపడిన ఒడ్డు ఫొటో పక్కన మనిషి నిలబడినట్టు తీసి పెట్టండి. ఒడ్డు ఎత్తు తెలిస్తే రాళ్ళు ఎన్ని ట్రాలీలు పడతాయో లెక్కవేసి చెబుతాను.